తలుపుల పట్టిక

నా పని తలుపులు.
నలభై ఒక్క అంతస్తుల బొమ్మలో
ఏది ఎటు తెరుచుకోవాలి, ఎంత బరువుండాలి,
మంటకి ఎన్ని నిమిషాలు ఆగాలి,
ఐదు వందల ముప్ఫై తలుపులు, వరసకొకటి.
మాంచెస్టర్‌లో ఏ కిటికీ తీసినా
క్రేన్లు కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి ఉంటాయి.
మా ఆఫీసు కిటికీలో పదకొండు.
నిన్నటి నుంచి పన్నెండు.

మొదటి తలుపు గాజుది.
ఇత్తడి పిడి, లోపల తొట్లో నిమ్మచెట్టు,
పేరుపెట్టి పలకరించడానికి కుర్చీలో ఒక మనిషి.
రెండోది వెనక సందులో,
చెత్తడబ్బాల గది పక్కన, బూడిదరంగు ఇనుము.
కింది తొమ్మిది అంతస్తుల వాళ్ళకి.
పట్టికలో దాని పేరు "ద్వితీయ ప్రవేశం".

ఎంత మర్యాదగా ఉందో మాట!
నా భాషలో దానికి ఎప్పట్నుంచో పేరుంది.
దొడ్డిగుమ్మం.
మా అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళు ఒకరింట్లో అంట్లు తోమింది.
ఆ ఇంటి వీధరుగు ఏ రంగో ఆమెకి తెలీదు.
అదే గుమ్మాన్ని నేనిక్కడ
మౌస్‌తో, తొమ్మిది వందల మిల్లీమీటర్ల వెడల్పున
గీశాను.
గీసి సేవ్ చేశాను. అబద్ధమెందుకు.

మార్చిలో లైబ్రరీ హాల్లో
అట్టతో చేసిన నమూనా పెట్టి చుట్టుపక్కల వాళ్ళని పిలిచారు.
టీ, బిస్కెట్లు. ఏడుగురొచ్చారు.
డోరీన్ క్లెగ్‌కి ఎనభై దాటాయి,
ఆ స్థలంలో కూలగొట్టిన వరసిళ్ళలో పుట్టిందట.
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
గోరంత ప్లాస్టిక్ మనుషుల్ని చూసింది.
"అందరూ ఇంత సన్నగా ఉన్నారేం?
ఒక్కరి చేతిలోనూ సంచి లేదే!"
తర్వాత నమూనా వెనక్కి నడిచింది
(అటు ఎవరూ వెళ్ళరు),
వేలు పెట్టి అడిగింది:
"ఇది శవాల కోసమా?"

మా పెద్దాయన నవ్వబోయి ఆగాడు.

ఆ రాత్రి ఆఫీసులో ఉండిపోయాను.
న్యాయం గురించి ఒక్క ముక్క రాయలేదు.
రెండు చోట్ల ఉన్న లిఫ్టు గుంతల్ని ఒకచోటికి చేరిస్తే
కింద అంతస్తుకి పదకొండు చదరపు మీటర్లు
మిగులుతాయని లెక్క కట్టి పంపాను.
ఒప్పుకున్నారు.
డోరీన్ ప్రశ్నకి కదలని గోడ
పదకొండు మీటర్లకి జరిగింది.
సంతోషించానా? ఏమో.
గెలిచింది కొలబద్ద.
మేడమీది తోటకి ఇంకా వేరే తాళమే,
ఆ తలుపు నా పట్టికలో ఉంది, చేతిలో లేదు.

లిఫ్టు మీటలు మాత్రం నాకొదిలేశారు.
నిలువు వరస తీసేశాను.
చక్రాల కుర్చీలో చెయ్యి అందే ఎత్తున
వేలికి తెలిసే చుక్కలతో
మూడు గోడల చుట్టూ మొలతాడులా కట్టాను,
ఒకటీ నలభై ఒకటీ ఒకే ఎత్తులో.

మూడేళ్ళకి, తాళాలిచ్చిన వారం, చూడ్డానికి వెళ్ళాను.
వాన. ఇక్కడి వాన
పడుతున్నట్టుండదు, ఆగినట్టూ ఉండదు.
కుర్చీలోని మనిషి లేచి
"ఫర్హియా" అని పలకరించాడు, కొంచెం తప్పుగా.
ఆమె తడిసిన సంచులు కింద పెట్టి సరిచేసింది.
ఆమె వెనక ముప్ఫై ఎనిమిదో అంతస్తు సూటు, ఫోనూ.
ఆ వెనక నేను, ఏ అంతస్తూ లేనిదాన్ని.
లిఫ్టు కదలకముందే ఆమె కొడుకు
హార్మోనియం మెట్ల మీద లాగా
ఈ చివర నుంచి ఆ చివరకి వేలు పరిగెత్తించాడు.
నలభై ఒక్క దీపాలు.

సూటాయన కళ్ళు మూసుకున్నాడు.
నాలుగులో వాళ్ళు దిగిపోయారు,
పిల్లాడు వెనక్కి తిరిగి చూస్తూ.
ఐదు. తెరుచుకుంది, మూసుకుంది.
ఆరు.
ఏడులో ఎవరింట్లోనో ఉల్లిపాయ వేగుతోంది.
ఆ వాసన లోపలికొచ్చింది.
ముప్ఫై ఎనిమిది దాకా
మేమిద్దరం, అదీ.